పెన్సిల్‌తో రాసిన ఆదివారం

"చదువు వదినా. నీ నోటితో నువ్వే చదువు," అంటూ ఆ చిన్న పుస్తకాన్ని టీ కప్పుల మధ్యకి విసిరింది గోడ.

ఒక కప్పు దొర్లింది. టీ బల్లంతా పారి, అంచు మీంచి వదిన ఆఫీసు సంచీ మీదకి కారింది. ఎవరూ గుడ్డ తేలేదు.

గోడంటే ఆ ఇంటి ఆడపడుచు. మహిళల ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు. ఆమెని దాటి బంతి పోవడం కష్టమని జట్టు పిల్లలు పెట్టిన పేరు ఇంట్లోనూ అతుక్కుపోయింది. గోడలకి చెవులుంటాయంటారు గానీ ఈ గోడకి నోరు కూడా ఉంది. ఈ పొద్దున అది మూతపడేలా లేదు.

విసిరిన పుస్తకం పేరు "ఈ పక్షం నగరంలో". రానున్న పదిహేను రోజుల్లో ఏ హాల్లో ఏ నాటకం, ఏ రోడ్డు మీద సైకిల్ పందెం, ఎక్కడ ఈత పోటీలు, ఎక్కడ బొమ్మల ప్రదర్శన, అన్నీ తేదీలవారీగా అచ్చేసి ఊరంతా పంచిపెడతారు. పాల దుకాణంలో కూడా ఒక దొంతర ఉంటుంది. గోడ అక్కడినుంచే తెచ్చింది.

వదిన పేజీ తిప్పింది. చదివింది. నమ్మకం కలగక ఇంకోసారి చదివింది.

"పైకి," అంది గోడ.

"ఆదివారం, సాయంత్రం ఐదు గంటలు, పెద్ద మైదానం. సంగీతోత్సవం."

"ఆగావేం? కింద కూడా చదువు."

"మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలు, మిల్లు వెనక మైదానం. మహిళల ఫుట్‌బాల్ ఫైనల్."

"మిల్లు వెనక. గోల్‌పోస్టులకి వలలు కూడా ఉండవక్కడ. మంగళవారం మధ్యాహ్నం మా ఆట చూడ్డానికి ఎవరొస్తారు? మిల్లు గేటు దగ్గర కుక్కలొస్తాయి."

"నెమ్మదిగా మాట్లాడవే," అంది అత్తగారు మంచం మీంచి. "పక్కింటివాళ్ళు ఇంకా లేవలేదు."

"లేవనీ అమ్మా. కుక్కలొచ్చినా నాకు బాధ లేదు. సెలెక్టర్లు ఊళ్ళో ఉండేది ఆదివారం ఒక్కపూటే. సోమవారం పొద్దున్నే రైలెక్కేస్తారు. వచ్చే నెలతో నాకు ఇరవై నాలుగు నిండుతాయి. ఆ తర్వాత కాళ్ళు పట్టుకున్నా రాష్ట్రం జట్టులోకి నన్ను తీసుకోరు. ఇదే ఆఖరు. ఈ సంగతి నీకు తెలీదా వదినా?"

"తెలుసు."

"తెలిసే చేశావా?"

వదిన పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఆఫీసులో ఆమెని రిజిస్టరమ్మ అంటారు. నగరంలో ఉన్న హాళ్ళూ మైదానాలూ ఏ రోజు ఎవరికన్నది రాసే పెద్ద రిజిస్టరు తొమ్మిదేళ్ళుగా ఆమె చేతిలోనే ఉంది. ఊళ్ళో ఏ తెర లేవాలన్నా, ఏ ఈల మోగాలన్నా ముందు ఆమె కలం కదలాలి. అలాంటి మనిషి ఇంట్లో, సొంత ఆడపడుచు ఆట మిల్లు వెనక్కి పోయింది.

ఆ రిజిస్టరుకి ఒక పద్ధతుంది. ఫలానా తేదీ కావాలని ఎవరైనా అడిగితే ముందు పెన్సిల్‌తో రాస్తారు. దరఖాస్తు చేతికందాక అదే అక్షరాల మీద సిరాతో దిద్దుతారు. పెన్సిల్‌తో ఉంటే అడిగారని అర్థం, సిరాతో ఉంటే ఇచ్చేశామని అర్థం. సిరా పడిన తేదీని కదపాలంటే ముగ్గురు పెద్దవాళ్ళు సంతకాలు పెట్టాలి. పెన్సిల్ తేదీకి రబ్బరు ముక్క చాలు.

"ఆ ఆదివారం పెద్ద మైదానం మాకు కావాలని దరఖాస్తు ఎప్పుడిచ్చాం?" గోడ వదలలేదు.

"నెలన్నరయింది."

"ఎవరి చేతికిచ్చాం?"

"నా చేతికే."

"మరి సిరా ఎందుకు పడలేదు?"

వదిన కొంగుతో బల్ల మీది టీ తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే చెప్పింది. "ఇంటి మనిషి కదా అని ముందే రాసేసుకుందంటారు. ఇప్పటికే అక్కడ గుసగుసలున్నాయి. అందరివీ దిద్దేశాక ఆఖర్న నీది దిద్దుదామనుకున్నాను."

"చదరంగం వాళ్ళకి సిరా. కుక్కపిల్లల ప్రదర్శనకి సిరా. పాటలు పాడే ఎవళ్ళకో సిరా. నాకు పెన్సిలు."

"నేను చెరపలేదు. నా చేత్తో నేను చెరపలేదు."

"చెరపడానికి వీలుగా ఉంచావుగా, చాలదూ."

అత్తగారు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. "తన్నుమాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని మా అమ్మ ఊరికే అనేది కాదు," అంది. కోడలిని అందో, కూతురిని ఊరుకోబెట్టడానికందో తెలియలేదు.

గుమ్మంలో కూర్చుని మోచేతి చుట్టూ నల్ల తీగ చుట్టుకుంటున్న అన్నయ్య అప్పుడు నోరు విప్పాడు. ఊళ్ళో సభలకీ పెళ్ళిళ్ళకీ మైకుసెట్టు పెట్టే మనిషి. "పోనీలే, మంగళవారమైతే ఏం? బంతి బంతే కదా," అన్నాడు.

"నువ్వు మాట్లాడకు అన్నయ్యా. నీకేదో పెద్ద కచేరీ వచ్చిందన్నావుగా, దాన్ని మంగళవారం మధ్యాహ్నం పెట్టుకో. మైకు మైకే కదా."

"నాది ఎక్కడో ఇంకా తేలలేదు," అన్నాడతను తీగ వంక చూస్తూ.

గోడ బూట్లు భుజాన వేసుకుని లేచింది. వదిన అందించబోయిన అన్నం డబ్బా ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"నాకొద్దు. నువ్వు పెట్టింది అసలే వద్దు."

"మధ్యలో అన్నం ఏం చేసిందే?" అంది అత్తగారు.

తలుపు ధడేల్మంది. వదిన ఆ డబ్బా తన సంచీలోనే సర్దుకుంది. సంచీ అడుగున టీ తడి ఇంకా ఆరలేదు.

*

పదింటికల్లా రిజిస్టరు గది ముందు ఎప్పుడూ ఉండే గుంపే ఉంది. నాటక సమాజం కార్యదర్శి రెండు రోజులకి బదులు మూడు రోజులు హాలు కావాలంటున్నాడు. ఈత పోటీలవాళ్ళు కొలనులో నీళ్ళు ఎప్పుడు మారుస్తారని అడుగుతున్నారు. పుస్తకాల ప్రదర్శనవాళ్ళకి వాన భయం. రిజిస్టరమ్మ ఎవరి వంకా చూడకుండా లోపలికి పోయి, ఇనప బీరువా తీసి, రిజిస్టరు బల్ల మీద పడేసింది.

నెలన్నరగా ఆ పేజీ ఆమె తిప్పలేదు. తిప్పితే దిద్దాలనిపిస్తుంది. దిద్దితే ఎవరో ఒకరు నవ్వుతారు. అందుకని ఆ పేజీని చూడకుండా ముందుకీ వెనక్కీ వెళ్ళేది. నిజాయితీ అనుకుంది దాన్ని. ఇప్పుడు తిప్పి చూస్తే సిగ్గేసింది.

పెన్సిల్‌ని గట్టిగా నొక్కి రాయడం ఆమెకి అలవాటు. రబ్బరు పెట్టి రుద్దినా కాగితం మీద గాడి మిగిలింది. వేలితో తడిమితే "ఫైనల్" అన్న మాట చేతికి తగిలింది. దాని మీద నీలం సిరాతో "సంగీతోత్సవం" అని ఉంది. ఆ సున్నలు కోడిగుడ్లంత పెద్దవి. ఆ రాత సూపరింటెండెంటుది. ఫైనల్‌ని మంగళవారానికి, మిల్లు వెనక్కి మార్చింది కూడా అదే రాత.

రిజిస్టరు చంకన పెట్టుకుని ఆయన గదిలోకి నడిచింది. ఆయన పేపరు చదువుకుంటున్నాడు.

"ఈ ఆదివారం మీరు రాశారా సార్?"

"కూర్చోమ్మా. ఏ ఆదివారం?"

ఆమె కూర్చోలేదు. పేజీ ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఓ, ఇదా. ఖాళీగా ఉంటే రాశాను."

"ఖాళీ లేదు. పెన్సిల్ ఉంది. ఫైల్లో దరఖాస్తు కూడా ఉంది."

"దరఖాస్తు ఉంటే సిరా ఎందుకు లేదు?"

ఆ పొద్దున ఆ ప్రశ్న రెండోసారి వినాల్సి వచ్చింది. 

ఆయన పేపరు మడిచాడు. "చూడమ్మా, నా మీదకి రావడం కాదు. ఆ సంగీతం వాళ్ళ కాగితం నా బల్ల దగ్గరకి తెచ్చిందెవరనుకున్నావు? మీ ఆయనే. 'మా ఆవిడ దాన్ని పెన్సిల్‌లోనే ఉంచింది సార్, మాకేం పట్టింపు లేదు' అన్నాడు. ఇంటాయన వచ్చి అంత మాటంటే నువ్వే పంపావనుకున్నాను."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. రిజిస్టరమ్మ రిజిస్టరు మూసి మళ్ళీ చంకన పెట్టుకుంది.

"ఎప్పుడొచ్చారు?"

"నువ్వు సెలవు పెట్టావు చూడు, మీ అత్తగారి కళ్ళు చూపించాలని. ఆ రోజే."

ఆ రోజు ఆమెకి బాగా గుర్తు. పెళ్ళయిన పదకొండేళ్ళలో తల్లి కళ్ళ గురించి ఒక్కనాడూ అడగని మనిషి, ముందు రోజు సాయంత్రం ఉన్నట్టుండి బెంగపడిపోయాడు. నాకు పనుంది, రేపు నువ్వే తీసుకెళ్ళు, సెలవు పెట్టు అన్నాడు. భర్తకి తల్లి మీద ఇంత ప్రేమ ఉందా అని ఆమె లోలోపల మురిసిపోయింది కూడా.

పెన్సిల్ సంగతి అతనికి ఎలా తెలిసిందన్నది వేరే ఎవర్నీ అడగక్కర్లేదు. తనే చెప్పింది. భోజనాల దగ్గర, గొప్పగా. "మన అమ్మాయిది ఇంకా పెన్సిల్‌లోనే ఉంచానండీ, అందరివీ అయ్యాకే" అని. దొంగకి తాళాలిచ్చి, తలుపెటుందో కూడా చూపించింది.

"ఫైలివ్వండి సార్," అంది.

"అందులో ఏముందమ్మా ఇంక? పుస్తకం అచ్చయి ఊరంతా పంచేశారు."

"ఇవ్వండి."

ఫైలు అక్కడే నిలబడి చదివింది. దరఖాస్తు నింపిన చేతిరాత భర్తదే. వేదిక ఎంత, స్పీకర్లెన్ని, లారీలెన్ని, అన్నీ ఓపిగ్గా నింపాడు. ఇంట్లో కరెంటు బిల్లు మీద సంతకం పెట్టడానికి బద్ధకించే మనిషి. ఒక్కో కాగితం తిప్పుతూ ఆఖరుదాకా వచ్చి ఆగింది.

"పచ్చిక చీటీ ఏది?"

పెద్ద మైదానంలో గడ్డి మీద వేదిక వేయాలంటే, గడ్డిని పెంచే మేస్త్రి సరేనని చీటీ రాసివ్వాలి. ఆయన కాదంటే సిరా పడిన తేదీ అయినా చెల్లదు. ఈ నియమం ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోరు.

"వస్తుందిలే. రేపు మధ్యాహ్నం దాకా గడువుంది. గడ్డి పీకేవాడి సంతకానికి ఏం తొందర?"

"కాదంటే?"

సూపరింటెండెంటు కళ్ళజోడు దించి ఆమెని పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్వెటు వెళ్తున్నావో నాకర్థమవుతోంది. మంచి మాట చెప్తాను, విను. తొమ్మిదేళ్ళుగా నీ మీద ఒక్క మచ్చ లేదు. రేపు ఆ కాదన్న చీటీ నీ చేత్తో ఫైల్లోకి ఎక్కిందనుకో, గడ్డి కోసమని ఎవడూ అనడు. ఆడపడుచు కోసమంటారు. పై నుంచి ఉత్తరం వస్తుంది. ఆ తర్వాత ఈ రిజిస్టరు నీ దగ్గరుండదు. స్టోరు గదిలో కుర్చీలు లెక్కపెట్టుకోవాల్సిందే."

"బెదిరిస్తున్నారా సార్?"

"ఉన్నమాటంటే ఉలుకెక్కువ," అని ఆయన మళ్ళీ పేపరు విప్పాడు.

*

పెద్ద మైదానానికి ఆఫీసునుంచి నడిచి పది నిమిషాలు. ఆమె ఐదు నిమిషాల్లో వెళ్ళింది. దారిలో కరెంటు స్తంభానికి అప్పుడే కట్టిన గుడ్డ బ్యానరు గాలికి టపటపలాడుతోంది. దాని మీద పాటగాడి మొహం ఒక్కటే ఉంది, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పాపం అతనేం చేశాడు, అతనికి పెన్సిలూ తెలీదు, సిరా తెలీదు.

గడ్డి మేస్త్రి గోల్‌పోస్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న కత్తితో కలుపు తీస్తున్నాడు. అరవై దాటిన మనిషి. గోల్‌పోస్టు ముందు చోటంటే ఆయనకి ప్రాణం. అక్కడే గడ్డి ముందు చస్తుందని ఆయన బాధ.

"మేస్త్రిగారూ, సంగీతోత్సవానికి మీరు చీటీ ఇచ్చారా?"

"ఏ సంగీతం?" తలెత్తకుండానే అన్నాడు.

"వచ్చే ఆదివారం కాక పై ఆదివారం. ఇక్కడే. వేదిక, స్పీకర్లు, తొమ్మిది లారీలు."

కత్తి ఆగింది. ఆయన లేచి నిలబడటానికి కొంత సేపు పట్టింది. నిలబడ్డాక ఆయన మొహం చూసి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"తొమ్మిది లారీలా? ఇక్కడికా? వర్షాలు ఆగి ఇరవై రోజులు కాలేదు. కింద మట్టి ఇంకా మెత్తగా ఉంది. చక్రం పడిందంటే నాలుగు నెలల దాకా ఇక్కడ గడ్డి లేవదు. ఆ సంగతి చెప్పడానికి నన్ను ఒక్కడూ అడగలేదు. నేను ఉన్నానో పోయానో కూడా చూడలేదు. ఆ రోజు ఆడపిల్లల ఆట కదా ఉంది? ఆ ఆట కోసమే ఈ గోల్ ముందంతా కొత్తగా గడ్డి వేశాను. ఆ గోలు పిల్ల రోజూ వచ్చి దాన్ని తొక్కకుండా పక్కన దూకుతోంది. ఆమెకున్న బుద్ధి మీ ఆఫీసుకి లేదు."

"ఆ గోలు పిల్ల మా ఆడపడుచే."

"అయితే మీకు తెలిసే జరిగిందా ఇది?"

అందరిదీ ఒకటే ప్రశ్న.  "తెలియక జరిగింది. నా వల్లే జరిగింది," అంది. "మీరు కాదని రాసిస్తారా?"

"రాయడమా? బల్లగుద్ది రాస్తాను."

గడ్డి కోసే యంత్రం మీద అచ్చు చీటీ పెట్టుకుని ఆయన రాశాడు. వేళ్ళనిండా మట్టి, గడ్డి పసరు. కాగితం మూల మీద బొటనవేలి ముద్ర పచ్చగా పడింది. "వీలు లేదు" అన్న మాట కింద రెండుసార్లు గీత గీశాడు.

"ఇది ఎవరిస్తారు ఆఫీసులో?" అని అడిగాడు.

"ఎవరు తీసుకున్నారో వాళ్ళ పేరు రాసి, వాళ్ళ చేత్తోనే ఫైల్లో పెట్టాలి."

"అంటే మీరే."

"నేనే."

మేస్త్రి ఆమె వంక చూసి తల ఊపాడు. "మీకు చివాట్లు తప్పవు," అని మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

*

ఆమె ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. ముందుగదిలో మనిషెత్తు స్పీకర్లు రెండు. భర్త వాటి ముందు చతికిలబడి తడిగుడ్డతో దుమ్ము తుడుస్తున్నాడు. పొద్దున టీ తుడవడానికి దొరకని గుడ్డ ఇప్పుడు దొరికింది.

ఆమె చెప్పులు విప్పింది. సంచీ దించలేదు.

"అత్తయ్యగారి కళ్ళు చూపించిన రోజు మీరెక్కడున్నారు?"

అతని చెయ్యి ఆగింది. "నేను రబ్బరు ముట్టుకోలేదు," అన్నాడు.

"నేనడిగింది రబ్బరు గురించి కాదు."

లోపలినుంచి అత్తగారు తలుపు పట్టుకుంటూ వచ్చి నిలబడింది. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని, ఏం చేశావురా?"

 అతను గుడ్డ స్పీకరు మీదకి విసిరేసి లేచాడు. ఎదురుదాడి మొదలైంది.

"అవును, వెళ్ళాను. కాగితం నేనే ఇచ్చాను. తప్పేంటి? పద్నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకులు మోస్తున్నాను. 'హలో, హలో' అనడం తప్ప నా పని ఎవడైనా విన్నాడా? మొదటిసారి ఒక పెద్ద మైదానం దొరికింది. పాతికవేల మంది నా చేతి సౌండు వింటారు. ఈ ఊళ్ళో ఆ ఒక్క మైదానమే సరిపోతుందన్నారు వాళ్ళు, ఆ ఒక్క ఆదివారమే పాటగాడికి కుదురుతుందన్నారు. నేనేం చెయ్యను?"

"నాకు చెప్పాలి."

"చెప్తే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు." అతను వేలెత్తాడు. "ఇంకో మాట. దాన్ని పెన్సిల్‌లో ఉంచింది నువ్వు. నెలన్నర ఉంచావు. నేను ఉన్నదే చెప్పాను. నీకే అంత ముఖ్యం కానిది నాకెందుకవుతుంది?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు.

"ఉన్నది చెప్పడానికి నన్ను ఆఫీసునుంచి తప్పించాల్సిన పనేముంది? అత్తయ్యగారిని అడ్డం పెట్టుకోవాల్సిన పనేముంది?"

అత్తగారు నెమ్మదిగా కుర్చీలో కూలబడింది. ఆమె గొంతు పెంచలేదు. "ఆ డాక్టరు నా కళ్ళు చూసి, బాగానే ఉన్నాయి కదమ్మా, ఎందుకు తీసుకొచ్చారని అడిగాడు. మా అబ్బాయికి నా మీద బెంగ ఎక్కువని చెప్పాను. అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పానురా."

"అమ్మా, అది కాదు..."

"నోర్ముయ్. కంచే చేను మేస్తే ఇంక కాపలా ఎవరు?"

 స్పీకరు మీది తడిగుడ్డ జారి నేల మీద పడింది. ఎవరూ తీయలేదు.

అప్పుడు చూసింది వదిన. పెరటి గుమ్మంలో గోడ నిలబడి ఉంది. ఆట బట్టలు మార్చుకోలేదు. మోకాళ్ళకి మట్టి, చేతుల్లో గోల్‌కీపరు గ్లౌజులు. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఆమె మొహమే చెబుతోంది.

అన్నయ్య మీద విరుచుకుపడుతుందని అందరూ అనుకున్నారు. అతను కూడా అనుకున్నాడు, చెయ్యి ముందుకి పెట్టి ఏదో చెప్పబోయాడు. గోడ అతన్ని దాటి వచ్చి వదిన ముందు నిలబడింది.

"అన్నయ్య సంగతి అలా ఉంచు. తన పని తను చూసుకున్నాడు. నేను నిన్నడుగుతున్నాను వదినా. నన్ను ఆఖర్న ఎందుకు ఉంచావు? పేరు పోతుందనా? అదొక్కటే కాదు. ఇది ఇంట్లో మనిషే, పోతే రెండు రోజులు అరిచి ఊరుకుంటుంది, ఎక్కడికి పోతుందిలే అనుకున్నావు. అవునా కాదా? పరాయిదాన్నై నీ కిటికీ ముందు లైన్లో నిలబడి ఉంటే నాకూ సిరా దొరికేది."

ఆ రోజంతా ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా దొరకని జవాబు అప్పుడు దొరికింది. అది ఆమెకేమీ నచ్చలేదు.

"అవును," అంది వదిన.

గోడ కళ్ళు చెమ్మగిల్లాయి. కోపంతోనే చెమ్మగిల్లాయి. "అవునని ఎంత తేలిగ్గా అనేశావు."

"తేలిగ్గా అనలేదు. పొద్దున్నుంచీ మోస్తున్నాను." వదిన సంచీలో చెయ్యి పెట్టి మేస్త్రి చీటీ బయటికి తీసింది. ముందు మట్టి వేలిముద్ర ఉంది కదా, ఇప్పుడు పక్కనే టీ మరక కూడా చేరింది. "ఇది గడ్డి మేస్త్రి రాసిచ్చాడు. వేదికకి వీలు లేదని. రేపు మధ్యాహ్నం లోపు ఇది ఫైల్లో పడితే ఆ నీలం సిరా చెల్లదు. మీ దరఖాస్తు ముందునుంచీ ఉంది కాబట్టి ఆ ఆదివారం మీకు తిరిగి రావాలి."

"నీ చేత్తో పెడతావా?"

"నా చేత్తోనే పెట్టాలి."

"ఆడపడుచు కోసం చేసిందంటారు."

"అనుకోనీ. నిజంగానే కొంత నీ కోసమే చేస్తున్నాను. రిజిస్టరు లాక్కుంటామన్నారు, లాక్కోనీ."

బల్ల ముందు కూర్చుని, పెన్ను మూత తీసి, చీటీ అడుగున "తీసుకున్నది" అని ఉన్నచోట తన పేరంతా రాసింది. పొడి అక్షరాలు కాదు, ఇంటిపేరుతో సహా. గట్టిగా నొక్కి రాసింది. సిరా ఆరేదాకా దాని మీద ఊదింది.

"ఆ కాయితం ఇలా ఇవ్వు," అన్నాడు భర్త.

గొంతులో ఇప్పుడు అరుపు లేదు. ఆ నెమ్మదికే ఆమెకి భయమేసింది. చీటీని మడిచి గుప్పిట్లో పెట్టుకుని లేచింది.

"ఇవ్వను."

"అది రేపు లోపలికి పోయిందంటే నా పద్నాలుగేళ్ళూ పోతాయి. ఈ ఊళ్ళో ఇంకెవడూ నన్ను పిలవడు. ఇవ్వు. లేకపోతే ఈ ఇంట్లో నువ్వైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"ఎవరూ ఎక్కడికీ పోరు," అంది అత్తగారు. ఆమె మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

అతను స్పీకర్లని తప్పించుకుని బల్ల వైపు వచ్చాడు. వదిన వెనక్కి జరిగింది. వీపు బీరువాకి తగిలింది. ఇంక జరగడానికి చోటు లేదు.

అప్పుడు గోడ ఇద్దరి మధ్యకి వచ్చింది. తీరిగ్గా, ఒక చేతికి గ్లౌజు తొడుక్కుంది, రెండో చేతికీ తొడుక్కుంది. మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు రెండూ చాచి, అన్నయ్య కళ్ళలోకి కాకుండా అతని పాదాల వైపు చూస్తూ నిలబడింది. గోలు ముందు ఎప్పుడూ అలాగే చూస్తుంది. మనిషి ఎటు దూకుతాడో పాదాలే ముందు చెబుతాయట.

"పక్కకి తప్పుకో," అన్నాడతను.

"నేను తప్పుకోను అన్నయ్యా."

వదిన ఆమె భుజం మీద చెయ్యి వేయబోయింది. గోడ తల తిప్పకుండానే భుజం విదిలించింది.

"నీతో నేనింకా మాట్లాడట్లేదు వదినా. కాయితం జాగ్రత్త."

అన్నయ్య ఎడమ పక్కకి ఒక అడుగు వేశాడు. గోడ కూడా వేసింది.